ముళ్లున్నాయని వాక్కాయని వెళ్లగొడతారా?

ఇంట్లో ముళ్లచెట్టు ఉంటే కలహాలు వస్తాయట. ఈ నెలలో ఈ మాట నా చెవిన పడడం ఇది మూడోసారి. ఒకసారి మా ఆడపడుచు అంది, ఒకసారి వీధి చివరి ఇంటావిడ అన్నారు, మూడోది మా కాలనీ కమిటీ వారి కాగితం. కాగితంలో కలహాలని రాయలేదు లెండి, "ఇతరులకు ఇబ్బంది కలిగించు ముళ్లపొదలు" అని రాశారు. మా తూర్పు ప్రహరీకి లోపలివైపు వరసగా ఉన్న ఏడు వాక్కాయ మొక్కల్ని నెలాఖరులోగా తీసేయాలట. గోడ మాది, నేల మాది, మొక్కలు మావి. ఒక్క కొమ్మ కూడా వీధిలోకి వంగి లేదు. ఏటా కాపు అయిపోగానే కత్తిరించేది నేనే కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు.

నేను తీయను. ఎందుకు తీయనో చెబుదామనే ఇది రాస్తున్నాను. పనిలో పనిగా మీరూ ఒకటి నాటుకోండని చెప్పాలని కూడా ఉంది.

వాక్కాయ అంటే తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో మేం వాక్కాయ అంటాం. రాయలసీమలోనూ తెలంగాణలోనూ కలివికాయ, కలేకాయ అనే పేర్లున్నాయి. హిందీవాళ్లకి కరోండా. సంస్కృతంలో కరమర్దం. నిలువెత్తు దాటి పెరిగే పొద. ఆకు ముదురాకుపచ్చ, తోలులా దళసరి, ఏడాది పొడుగునా రాలకుండా పచ్చగా ఉంటుంది. ముల్లు గట్టిది, అంగుళం పైనే ఉంటుంది, కొన్నిచోట్ల రెండుగా చీలి ఉంటుంది. నేనేమీ దాచడం లేదు. చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో తెల్లటి చిన్న పూలు గుత్తులుగా పూస్తాయి, సన్నజాజుల్లాగా ఉంటాయి, వాసన కూడా బాగుంటుంది. కాయ తెల్లటి ఒంటికి ఒక పక్క గులాబీ రంగు రాసినట్టు ఉంటుంది. ముదిరితే ఎర్రబడుతుంది, పండితే నేరేడు రంగులోకి తిరుగుతుంది. పచ్చికాయ పులుపు గురించి చెబుతుంటేనే నాకు నోరూరుతోంది.

ఆషాఢ శ్రావణాల్లో మా ఇంట్లో చింతపండు డబ్బా మూత తీసే పని తక్కువ. కాయని రెండుగా చీల్చి, గింజలు తీసి కందిపప్పులో వేస్తే వాక్కాయ పప్పు. అదే తురిమి, ఇంగువ పోపు పెట్టి అన్నంలో కలిపితే పులిహోర. పచ్చిమిరపకాయలతో రోట్లో నూరితే పచ్చడి, ఆవపిండీ కారం కలిపి ఊరేస్తే నిల్వ పచ్చడి. రొయ్యల్లో, మాంసంలో వేసుకునే ఇళ్లూ ఉన్నాయి. బాగా పండిన వాటిని పంచదారతో ఉడికిస్తే జామ్ దానంతట అదే గట్టిపడుతుంది. పెక్టిన్ అనే పదార్థం ఈ కాయలో దండిగా ఉండడం వల్ల బయటినుంచి ఏ పొడీ కలపక్కర్లేదు. (వాక్కాయ తింటే షుగరు పోతుంది, కీళ్లు కుదురుతాయి అని ఫోన్లలో తిరిగే సందేశాల జోలికి నేను పోను. కూరకి పులుపు కావాలి, ఇది పులుపిస్తుంది, నాకంతే చాలు.)

ఇప్పుడు వాస్తు సంగతి తేల్చేద్దాం.

మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, ముళ్లచెట్టు ఇంటి ఆవరణలో ఉండకూడదట, మా వాస్తాయన గట్టిగా చెప్పారు" అంది. సరే అన్నాను కానీ నా కళ్లముందు వాళ్లింటి గేటే కనబడింది. గేటు పైన కమాను నిండా కాగితంపూలు. దాని ముల్లు దిగితే వేలు రెండు రోజులు సలుపుతుంది. మెట్ల పక్కన వరసగా గులాబీ కుండీలు. పెరట్లో నిమ్మచెట్టు. మేడ మీద సిమెంటు స్తంభం నాటి మరీ పెంచుతున్న డ్రాగన్ ఫ్రూట్. అది సాక్షాత్తూ జెముడు జాతి, కొమ్మ కొమ్మకీ ముళ్లే. వీటిలో ఏ ఒక్కదానివల్లా ఆ ఇంట్లో కలహం రాలేదు. వచ్చిన కలహాలకి కారణాలు వేరే ఉన్నాయి, అవి ఇక్కడ అనవసరం.

ముల్లు అశుభమైతే మారేడు దళం శివుడి నెత్తికి ఎలా ఎక్కింది? మారేడు కొమ్మ ఎప్పుడైనా చేత్తో పట్టుకుని చూశారా? దసరానాడు మనం ప్రదక్షిణ చేసి ఆకు తెచ్చి పెద్దవాళ్ల చేతుల్లో పెట్టే జమ్మికి ముళ్లు లేవా? భోగినాడు పిల్లల తలమీద పోసే రేగిపళ్లు ఎక్కడివి, ముళ్లలోంచి ఏరినవి కావా? రథసప్తమి తలస్నానానికి జిల్లేడాకు మీద పెట్టుకునేదీ ఆ రేగిపండే. బదరి అంటే రేగు. హిమాలయాల్లో ఒక క్షేత్రం పేరే ఆ ముళ్లచెట్టు మీద నిలబడి ఉంది. ఏడాదిలో మూడు పండగలకి ముళ్లచెట్టు కావాలి, పెరట్లోకి మాత్రం రాకూడదు!

"అవి గుళ్లో ఉండాల్సినవి, ఇంట్లో కాదు" అనే జవాబు కూడా విన్నాను. అలాగైతే నిమ్మచెట్టు పీకేయమని ఏ వాస్తాయనా ఎందుకు చెప్పడో నాకు తెలియాలి. చెప్పరు, ఎందుకంటే నిమ్మకాయకి బజారులో ధర ఉంది, డ్రాగన్ ఫ్రూటుకి ఇంకా ఎక్కువ ధర ఉంది. వాక్కాయ మాత్రం గంపలో పెట్టుకుని కూరగాయల అవ్వ నెత్తిన మోసుకొచ్చేది. డొంకల్లో, చేలగట్ల మీద, గుట్టల మొదట్లో ఎవరూ నాటకుండా ఎవరూ నీళ్లు పోయకుండా కాసేది. దాన్ని ఇంట్లో పెట్టుకుంటే మనం కూడా డొంకలోంచి వచ్చిన వాళ్లమే అని నలుగురికీ తెలిసిపోతుందని బెంగ. కాలనీ వారి అసలు ఇబ్బంది కూడా ఇదేనని నా అనుమానం. వాళ్ల కాగితంలో కాగితంపూల ఊసు లేదు, మా ఎదురింటి గోడమీంచి అవి వీధిలోకి రెండడుగులు వేలాడుతున్నా సరే.

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. మనం ఇంకో అడుగు ముందుకి వేశాం, పెరటిచెట్టు పెరట్లో కూడా పనికిరాదంటున్నాం.

మరి పెరట్లోకి ఏది పనికొస్తుంది? మా తోటికోడలి సంగతి చెబుతాను, తను చదువుతుందని తెలిసే, అడిగే రాస్తున్నాను. కిందటేడు కార్తీకమాసంలో వాళ్లింటికి ఒక నర్సరీ నుంచి రెండు బ్లూబెర్రీ మొక్కలొచ్చాయి. ఒక్కోటి వెయ్యి రూపాయల పైమాటే. కొన్నది మా మరిది. పిల్లల మెదడుకి మంచిదని ఎక్కడో చదివాడు. నర్సరీవాళ్లు ఇది మన వాతావరణానికి తగ్గ రకమేనని చెప్పి, కొబ్బరిపీచు మట్టీ ఇంకేదో పొడీ కలిపిన సంచీ కూడా అమ్మారు.

బ్లూబెర్రీకి ఏం కావాలో కొంచెం చూద్దాం. అది ఉత్తర అమెరికా మొక్క. నేల బాగా ఆమ్లంగా ఉండాలి, పీహెచ్ నాలుగున్నర నుంచి అయిదున్నర మధ్య. మా హైదరాబాదు శివార్లలో బోరునీళ్లు ఎంత కఠినమైనవో మీ బాత్రూం కుళాయిల మీద పేరుకునే తెల్లపొర చూస్తే తెలుస్తుంది. ఆ నీళ్లు రోజూ పోస్తుంటే కుండీలో ఎంత ఆమ్లపు మట్టి వేసినా కొన్నాళ్లకి దాని గుణం మారిపోతుంది. అప్పుడు వేరు ఇనుమును పీల్చుకోలేదు, ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపుపచ్చగా పాలిపోతుంది. రెండోది చలి. ఆ మొక్క చలికాలంలో నిద్రపోయి లేస్తేనే పూస్తుంది. ఉత్తరాది రకాలకి ఏడు డిగ్రీల లోపు చలి ఎనిమిది వందలు, వెయ్యి గంటల దాకా కావాలి. తక్కువ చలితో సరిపెట్టుకునే దక్షిణాది రకాలు తయారు చేశారు, నిజమే, వాటికీ కొన్ని వందల గంటలు అడిగేవి ఉన్నాయి. మనకి పుష్యమాసంలో ఏ నాలుగు రాత్రులో పది డిగ్రీలకి దిగితే పేపర్లో చలిమంటల ఫోటో వేస్తారు.

ఇక ఆ మొక్కల సేవ. ఉదయం లేవగానే వాననీళ్లు పట్టి ఉంచిన డ్రమ్ములోంచి చెంబుతో తీసి పోయడం. వాననీళ్లు అయిపోయాక మంచినీళ్ల ఫిల్టరు నీళ్లు. వారానికోసారి నీళ్లలో కొలిచి వెనిగర్ చుక్కలు. ఫిబ్రవరిలో పచ్చవల కట్టించడం, మధ్యాహ్నం కుండీలు నీడకి జరపడం, సాయంత్రం మళ్లీ వెనక్కి జరపడం. ఇదంతా చేసింది ఎవరనుకుంటున్నారు? కొన్నాయన మాత్రం కాదు. పొద్దున్నే అత్తగారికి వేన్నీళ్లు, మాత్రలు, ఉప్పు తగ్గించిన కూర, పిల్లలకి ఏడింటికల్లా బాక్సులు, ఆయనకి కాఫీ, వీటి మధ్యలో ఇప్పుడు ఒక మొక్క కూడా చేరింది. రోహిణీకార్తెలో రోళ్లు పగులుతాయంటారు, బ్లూబెర్రీ ఒక లెక్కా. రెండూ ఒకే వారంలో ఎండిపోయాయి. ఆ తర్వాత ఇంట్లో వినబడిన మాట: "రెండు మొక్కలు కూడా చూసుకోలేవా?"

తను నాకు ఫోన్ చేసి, "అక్కా, చచ్చిపోయాక తెలిసింది, నాకు ఎంత హాయిగా ఉందో" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

ఈ గొడవని నేను ఇంత పట్టుగా రాయడానికి అసలు కారణం ఇదే. ఇంటికి ఏ మొక్క వస్తుందనేది చిన్న సంగతి కాదు. సున్నితమైన మొక్క ఇంటికి వచ్చిందంటే దానికో మనిషి కేటాయింపు కూడా అయిపోయినట్టే, ఆ మనిషి ఎవరో ఎవరూ అడగరు, అందరికీ తెలుసు. మొండిమొక్క ఆడవాళ్ల సమయాన్ని తినదు. మా వాక్కాయలు నాటి ఆరేళ్లయింది. మొదటి రెండు వేసవులు వారానికి ఒకటి రెండుసార్లు నీళ్లు పోశాను. మూడో ఏట కాపు మొదలైంది. ఆ తర్వాత ఒక వేసవిలో మా బోరు పూర్తిగా అడుగంటింది, రెండు నెలలు ట్యాంకరు నీళ్ల మీద బతికాం. కరివేపాకు వాడిపోయింది, మందారం ఆకులన్నీ రాల్చింది. ట్యాంకరు నీళ్లు చెట్లకి పోసే ధైర్యం ఎవరికుంటుంది? వాక్కాయలు మాత్రం చుక్క నీరు లేకుండా ఆ ఎండలోనే పిందె నిలబెట్టుకుని, తొలకరికి కాయలిచ్చాయి. ఒక్కో పొద నుంచి రెండు మూడు కిలోలు వస్తున్నాయి. పురుగుమందు అంటూ ఏదీ కొట్టలేదు. (దీన్ని ఆడదాని ఓర్పుతో పోల్చి కవిత్వం రాసేవాళ్లుంటారు. నేను బి.ఏ. తెలుగే చదివాను, ఆ పోలికలు చాలా చూశాను. దయచేసి వద్దు. మొక్కకి నీళ్లు అక్కర్లేదు కాబట్టి పోయడం లేదు, ఆడవాళ్లకి అన్నీ అవసరమే.)

బ్లూబెర్రీ మీద నాకు పగేం లేదు. దాని కథ తెలుసుకుంటే నిజానికి వాక్కాయ మీదే గౌరవం పెరుగుతుంది. వందేళ్ల కిందటి దాకా బ్లూబెర్రీ కూడా అడవిలో ఏరుకు తినే పొదకాయే. దాన్ని తోటపంటగా మార్చినవాళ్లలో ఒకామె న్యూజెర్సీలో క్రాన్‌బెర్రీ పండించే రైతు కూతురు ఎలిజబెత్ వైట్. వాళ్ల వ్యవసాయ శాఖలో ఫ్రెడరిక్ కోవిల్ అనే శాస్త్రవేత్త బ్లూబెర్రీకి ఆమ్లపు నేల కావాలని కనిపెట్టి రాసిన పుస్తకం చదివి, 1911లో ఆయనకి ఉత్తరం రాసింది, మా పొలంలో ప్రయోగాలు చేసుకోండి అని. అడవిలో పళ్లు ఏరేవాళ్లకి పండు కొలిచే చిల్లు పలకలిచ్చి, పెద్ద పండు కాసే పొద చూపించినవాళ్లకి డబ్బిచ్చింది. ఆ పొద కనిపెట్టిన మనిషి పేరే మొక్కకి పెట్టింది. రూబ్ లీక్ అనే అతను చూపించిన పొద రూబెల్ అయింది. 1916లో మొదటి పంట బజారుకి వెళ్లింది. ఇవాళ మన సూపర్ మార్కెట్లో 125 గ్రాముల ప్లాస్టిక్ డబ్బాలో, గాజు తలుపు వెనక చల్లగా కూర్చున్న పండు పూర్వం అదీ.

అంటే వాళ్లు వాళ్ల డొంకలోకి వెళ్లి వాళ్ల పొదని చేరదీసుకున్నారు. మనం మన పొదని నరికేసి వాళ్ల పొదకి పచ్చవల కడుతున్నాం.

మన దగ్గర పని జరగలేదని కాదు. పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంవాళ్లు వాక్కాయలో పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ అని మంచి రకాలు ఎంపిక చేసి విడుదల చేశారు. మెట్టభూముల్లో పండించమని, కంచెగా వేసుకోమని ఉద్యానశాస్త్రం పుస్తకాల్లో పాఠాలున్నాయి. లేనిదల్లా ఇంటి ఇల్లాలి నోట, "మా ఇంట్లో వాక్కాయ ఉంది" అని నలుగురిలో గొప్పగా చెప్పుకునే మాట ఒక్కటే.

ఒక తమాషా చూడండి. పుట్టినరోజు కేకు మీద ఎర్రగా మెరుస్తూ చెర్రీ ఉంటుంది కదా. బేకరీ బన్నులో, ఐస్‌క్రీము మీద, మీఠా కిళ్లీలో పుల్లకి గుచ్చి పెట్టేది కూడా. మన దేశంలో ఆ పేరుతో అమ్మేది చాలావరకు వాక్కాయే. గింజ తీసి, ఉప్పునీళ్లలో ఊరవేసి, పంచదార పాకంలో నానబెట్టి, ఎర్రరంగు వేస్తారు. నిజం చెర్రీ చల్లటి కొండప్రాంతాల పంట, మన వీధి చివరి బేకరీలో అంత చవగ్గా దొరకదు. కాబట్టి కమిటీ కార్యదర్శిగారి మనవడి పుట్టినరోజున అందరం చప్పట్లు కొట్టి నోట్లో పెట్టుకున్నది మా తూర్పు గోడ దగ్గరున్న కాయకి తోబుట్టువే అయి ఉండొచ్చు. రంగు పూసి, ఇంగ్లీషు పేరు పెట్టి, కేకు మీద కూర్చోబెడితే ఎవరికీ ముల్లు గుర్తురాలేదు.

ఇంకో సంగతి నవ్వుకునేది కాదు. మా వైపుకి వచ్చే కూరగాయల అవ్వ నాలుగేళ్ల కిందటి దాకా ఆషాఢంలో కలేకాయలు గంప నిండా తెచ్చేది. కిందటేడు రెండు దోసిళ్లు తెచ్చింది. ఈ ఏడు తేలేదు. "యాడున్నయమ్మా, గుట్టంత ప్లాట్లు చేసిన్రు" అంది. ఊరి చుట్టూ గుట్టల మొదట్లో ఉండే పొదల్ని పనికిరాని తుప్పలని యంత్రంతో చదును చేస్తారు. ఆ తుప్పల్లో వాక్కాయే కాదు, పరికి, బలుసు, రేగు అన్నీ ఉండేవి. బతికుంటే బలుసాకు తినొచ్చు అనే మాట మనం రోజూ వాడతాం, బలుసు కూడా ముళ్లపొదేనని, కరువులో జనాన్ని నిలబెట్టింది ఇలాంటివేనని గుర్తుండదు. కడప జిల్లా లంకమల అడవుల అంచున, ఇక లేదనుకున్న ఒక పక్షి 1986లో మళ్లీ కనబడింది. దాన్ని మనవాళ్లు కలివికోడి అంటారు. ప్రపంచంలో అతి అరుదైన పక్షుల్లో ఒకటి అది. దాని ఇల్లు కూడా ఆ ముళ్లతుప్పలే. చదును చేసేవాడికి అది ఖాళీ జాగా.

గుట్టని నేను ఆపలేను. నా గోడ పక్కన ఇరవై అడుగులు ఆపగలను.

ఇక నిజమైన అభ్యంతరాలున్నాయి, వాటిని వాస్తుతో కలిపి కొట్టిపారేయను. చిన్నపిల్లలున్న ఇంట్లో ముల్లు ప్రమాదమే. నడకదారి పక్కన, ఆడుకునే చోట, కిటికీ కింద నాటకండి. ప్రహరీ వెంబడి, మనుషులు తిరగని మూల నాటండి. దొంగ గోడ దూకే చోటైతే మరీ మంచిది, గాజుపెంకులకంటే నమ్మకంగా పనిచేస్తుంది. పొదలో పాములు చేరతాయని మా అత్తగారి భయం. ఏ పొదైనా నేలకి ఆనుకుని, కింద చెత్త పేరుకుంటే చేరతాయి. నేను మొదటి నుంచి అడుగున్నర ఎత్తు దాకా కింది కొమ్మలు తీసేసి, రాలిన ఆకు ఊడ్చేస్తాను. అడుగు భాగం ఎప్పుడూ ఖాళీగా కనబడుతుంటుంది. ఇది చూశాక మా అత్తగారు ఆ మాట మానేశారు, ఇప్పుడు ఆవిడే కర్రతో కొమ్మ వంచి కాయలు కోస్తారు.

పాలు కారడం మరో ఇబ్బంది. ఇది గన్నేరు, నందివర్ధనం ఉన్న కుటుంబంలోదే, కాయ కోసినచోట తెల్లటి జిగురుపాలు వస్తాయి. గన్నేరు పేరు విని హడలిపోకండి, గన్నేరు విషం, ఇది కాదు, తరతరాలుగా తింటున్నాం. కత్తిపీటకీ చేతికీ కాస్త నూనె రాసుకుని కోయండి, కోసిన ముక్కలు ఉప్పునీళ్లలో వేయండి, జిగురు వదిలిపోతుంది. మంచి చీర కట్టుకుని మాత్రం కోయకండి, ఆ మరక వదలదు.

అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్లు మాకు నేలేదీ అని అడుగుతారు. పెద్ద కుండీలో, అడుగున నీళ్లు పోయే చిల్లులు బాగా ఉంటే పెరుగుతుంది, కాపు తక్కువగా ఉంటుంది. ఎండ రోజంతా పడే మేడ అయితేనే పెట్టుకోండి. నీడ బాల్కనీలో పెట్టి కాయలేదని నన్ను తిట్టకండి.

ముల్లు అసలు వద్దే వద్దనుకునేవాళ్లకి ఫాల్సా ఉంది. హైదరాబాదు పాతబస్తీ వైపు వేసవిలో తోపుడుబళ్ల మీద కనిపించే ఊదారంగు చిన్న పళ్లు అవే, షర్బత్ చేస్తారు. దానికి ముళ్లుండవు. చలికాలంలో ఆకు రాల్చాక పొదని బాగా కత్తిరించాలి, కొత్త చిగుళ్ల మీదే పూత వస్తుంది. ఎండాకాలంలో పండుతుంది. పండు ఒకటి రెండు రోజులకంటే నిలవదు కాబట్టి దూరం నుంచి రాదు, పెరట్లో ఉన్నవాళ్లకే దక్కుతుంది. అది కూడా మొండి మొక్కే.

వాక్కాయ నాటే పద్ధతి పెద్ద విద్యేం కాదు. నల్లగా పండిన పండు తీసుకుని, గుజ్జు కడిగేసి, గింజల్ని నీడలో తడి ఆరనిచ్చి వెంటనే విత్తాలి. ఈ గింజ దాచిపెడితే మొలిచే శక్తి త్వరగా పోతుంది, వచ్చే ఏడాది చూద్దాంలే అనుకుంటే కుదరదు. మట్టీ ఇసకా పశువుల ఎరువూ కలిపిన చిన్న సంచుల్లో వేసి, మొలకలు మరుసటి వానాకాలం దాకా పెంచి అప్పుడు నేలలో పెట్టండి. కంచెలా కావాలంటే రెండు మూడడుగులకొకటి, విడిగా పొదలు కావాలంటే ఎనిమిది పదడుగుల దూరం. మొరం నేల, గులకరాళ్ల నేల ఏదైనా ఫరవాలేదు. నీళ్లు నిలిచే చోటు మాత్రం దానికి పడదు, నల్లరేగడిలో పెట్టేవాళ్లు మట్టి ఎత్తు చేసి నాటండి. గింజతో పెంచితే తల్లిచెట్టు గుణమే రావాలని లేదు, ఒకటి ఎర్రకాయ, ఒకటి తెల్లకాయ కాయొచ్చు. మా ఏడింటిలో ఒకటి నోట్లో పెట్టలేనంత పులుపు, దాన్ని పచ్చడికే వాడతాను. ఒకే రకం కావాలంటే అంటుమొక్క కొనుక్కోండి. ఎరువు మితంగా వేయండి. ఎక్కువ నీళ్లు, ఎక్కువ ఎరువు పోస్తే ఆకు విరగబడి వస్తుంది, కాయ రాదు. కత్తిరింపు కాపు అయిపోయాకే, తోలు చేతితొడుగులు వేసుకుని. పండేదాకా చెట్టున ఉంచితే పిగిలిపిట్టలు సగం తినేస్తాయి, తిననివ్వండి.

కమిటీ వారికి జవాబు రాసిచ్చేశాను. కొమ్మ వీధిలోకి వస్తే చెప్పండి, ఆ రోజే కోస్తాను, మొక్కలు మాత్రం తీయను, ముళ్లమొక్కలన్నిటికీ ఒకటే నియమమైతే ముందు కాగితంపూల ఇళ్ల జాబితా తయారు చేయండి, దాని చివర మా పేరు కూడా రాయండి అని. మా వారు చదివి, "కొంచెం మెత్తగా రాయాల్సింది" అన్నారు. మార్చలేదు.

ఈసారి రెండు పొదల కాయలు కోయకుండా వదిలేశాను, శ్రావణం చివరికి నల్లబడతాయి. మా తోటికోడలు పదిహేను గింజలు అడిగింది, పచ్చవల విప్పేసిన చోటే పెడుతుందట. ఇంకా కావలసినవాళ్లుంటే భాద్రపదం మొదటి వారంలో రండి, తడిగుడ్డలో చుట్టి ఇస్తాను. ఇంటికి వెళ్లగానే విత్తేయాలి.